నాలుగో నంబరు బిళ్ళ

ఈ రోజు ఉదయం ఆరుంబావుకు, బోరు మోటారుకు కప్పడానికి పాత రెయిన్‌కోటును కత్తిరిస్తుంటే, అస్తరు అడుగు నుంచి ఇత్తడి బిళ్ళ ఒకటి గచ్చు మీద పడి మోగింది. రబ్బరూ బూజూ కలిసిన వాసన. బిళ్ళ మీద నాలుగు అంకె. తొమ్మిదేళ్ళు నన్ను విసిగించిన బిళ్ళ ఇది. దీన్ని అడిగిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. దొరకవలసినప్పుడు దొరకక ఇప్పుడు దొరికినందుకు, నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, చిరాకు.

ఆ మనిషి ఓదెలన్న. బొగ్గు గనిలో సర్దారుగా పనిచేశాడు. జట్టును లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ పైకి తీసుకురావడం ఆ పని. రిటైరయ్యాక కరీంనగర్‌లో మా పక్కింట్లో దిగాడు. మోటారు సైకిలు మీద దూరం పోవడం నాకు నేర్పింది ఆయనే. ప్రతి శ్రావణంలో తనతో కలిపి ఐదు బండ్ల మీద మమ్మల్ని ఆదిలాబాద్ కొండల్లోకి, మహారాష్ట్ర సరిహద్దు దాకా తీసుకెళ్ళేవాడు. ఈడ్చుకెళ్ళేవాడు అనడమే నిజం. వేగం నలభై దాటనిచ్చేవాడు కాదు. ప్రతి వాగు దగ్గరా బండి ఆపి, ప్యాంటు మడిచి, కర్రతో అటు నడిచి ఇటు వచ్చాకే మమ్మల్ని కదలనిచ్చేవాడు.

"అన్నా, గిది బండ్ల టూరా, పాదయాత్రనా?" అని మా శీను వెక్కిరించేవాడు.

"నడిచినోడు ఇంటికొస్తడు తమ్మీ. ఉరికినోని సంగతి నాకెర్కలే."

అన్నిటికన్నా విసుగు బిళ్ళలతో. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఉంటుంది. పైకి వచ్చాక అది అప్పజెప్పాలి. బిళ్ళ రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఓదెలన్న మా కోసం అలాంటివి ఐదు చేయించాడు. పొద్దున తలా ఒకటి పంచేవాడు. సాయంత్రం ఘాట్ దిగాక చాయ్ హోటల్లో ఐదూ బల్ల మీద పడాలి. అప్పటిదాకా చాయ్ లేదు, ఎవరూ కదలడానికీ లేదు.

ఒక ఏడు ఉట్నూర్‌లో రాత్రి ఉండి, తెల్లారి కెరమెరి వైపు బయలుదేరాం. వాన తెరిపి ఇవ్వలేదు. రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే ఊళ్ళ దగ్గర వాగు పొంగింది. ఓదెలన్న బడి వరండాలో మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టాడు. మా కళ్ళ ముందే ఒక జీపు నీళ్ళు చిమ్ముకుంటూ దాటిపోయింది.

"జీపు పోయింది గదా అన్నా!" అన్నాను.

"పోయింది. నువ్వు జీపువా?"

శీను పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "నీతోని పరేషానయితుందన్నా. గిది బొగ్గుబాయి గాదు."

"గాదు తమ్మీ. బాయిల నీళ్ళు ఏడికెల్లొస్తయో నాకెర్క. గీడ తెల్వది."

ఆయన మళ్ళీ కర్ర పట్టుకుని వాగు వైపు వెళ్ళగానే, "నేను ఇంటికి పోతున్న, అన్నకు చెప్పు" అని శీనుతో అని బండి వెనక్కి తిప్పాను. చీకటి పడేసరికి కరీంనగర్ చేరి, ఫోను ఆపేసి పడుకున్నాను. బిళ్ళ సంగతి గుర్తే లేదు.

శీను చెప్పాడు. కానీ ఆ సాయంత్రం హోటల్ బల్ల మీద నాలుగు బిళ్ళలే పడ్డాయి. ఓదెలన్న చాయ్ ముట్టకుండా లేచి, వానలో మళ్ళీ ఘాట్ ఎక్కాడట. కల్వర్టు కల్వర్టుకూ ఆగి కిందికి చూసుకుంటూ వచ్చాడట. మర్నాడు పొద్దున ఏడింటికి మా గేటు ముందు నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. తిట్టలేదు. చెయ్యి చాచాడు.

"బిళ్ళ."

రెయిన్‌కోటు జేబులు తిరగేశాను. ఒక జేబుకు చిరుగు ఉంది, బిళ్ళ లేదు. "నేనున్న గదా అన్నా కండ్ల ముంగట! శీను చెప్పలేదా?"

"చెప్పిండు. ఎనకట ఒకని గురించి గూడ గట్లనే చెప్పిండ్రు, ఇంటికి పోయిండని. నేను నమ్మి పైకొచ్చిన. ఆడు లోపట్నే ఉండె."

"ఎతుకు" అని ఆయన తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. వారం రోజులు జ్వరంతో లేవలేదు.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాత కూడా నా విసుగు తగ్గలేదు. తొమ్మిదేళ్ళు గోడ మీంచి అదే ప్రశ్న: "నాలుగు నంబర్ దొరికిందా?" కొత్తది చేయిస్తానంటే, "గది నీది గాదు" అన్నాడు. బిళ్ళ లేదు కాబట్టి ప్రతి ప్రయాణంలోనూ నేను ఆయన వెనకే నడపాలి. "నా అద్దంల కనబడు, చాలు" అనేవాడు. నలభై దాటిన వయసులో బడిపిల్లవాడిలా ఆ అద్దంలో కనబడుతూ నడిపాను.

ఆస్పత్రిలో చివరిసారి చూడబోయినప్పుడూ అడిగాడు. దొరకలేదన్నాను.

"గట్లయితె నువ్వింకా పైకి రానట్టే తమ్మీ" అన్నాడు. నవ్వలేదు.

ఇవాళ బిళ్ళను కడిగి, మిగతా నాలుగూ ఎక్కడున్నాయో ఓదెలన్న ఇంట్లో వదినను అడుగుదామని గోడ దాకా వెళ్ళాను. అడగకుండా తిరిగివచ్చి, బండి తాళానికి తగిలించుకున్నాను.

పోయిన నెల మేము నలుగురం అదే దారిన వెళ్ళాం. వాగుల దగ్గర ఎవరూ దిగలేదు. ఘాట్ దిగాక ముగ్గురం చాయ్ తాగాం. శీను ఇంకా రాలేదు. "వస్తడు తీ" అనుకుని ఎవరి దారిన వాళ్ళం బయలుదేరాం. ఘాట్ దాటి చాలా దూరం వచ్చేదాకా నేను అద్దంలోకి చూస్తూనే ఉన్నాను, కానీ బండి ఆపలేదు. శీను క్షేమంగానే ఇల్లు చేరాడు.

చివరి బండి కోసం మేమిప్పుడు ఆగడం లేదు.