మూడు ఇడ్లీల లెక్క

ఆ శనివారం జగిత్యాలలో మేము పోగొట్టుకున్నవి ఇవి. ఒక గొడుగు. ఒక ఎడమకాలి చెప్పు. స్టీలు నీళ్ల సీసా మూత. సీసా దొరికింది, మూత దొరకలేదు. రెండు రోజుల తిండి టైములు రాసుకున్న చీటీ. నాలుగు చాక్లెట్లు. మూడు ఇడ్లీలు. ఇరవై రెండు నిమిషాలు. నా భార్యను అడిగితే ఇంకొకటి కలుపుతుంది: ఒక శనివారం. దాన్ని నేను పోయినవాటిలో కలపను. ఆ ఒక్కదాని దగ్గర మా ఇద్దరికీ ఇప్పటికీ లెక్క కుదరలేదు.

నేను సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఒక ఖార్ఖానలో బట్ట మీటర్ల లెక్క రాస్తాను. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. కూడికలూ శాతాలూ ఆ చప్పుడులో నిలబడి సొంతంగా నేర్చుకున్నవే. శని, ఆదివారాలు జగిత్యాల, కోరుట్ల దిక్కు పోయే మా ఖార్ఖాన వాళ్లు, ఎక్కడ తింటే బాగుంటుందని నన్నే అడుగుతారు. నా దగ్గర దానికొక నోటుబుక్కు ఉందని వాళ్లకు తెలుసు. నేను భోజనప్రియుణ్ణని అనుకుంటారు. ఆ నోటుబుక్కులో నాలుగే గడులు: హోటలు ఎక్కడ, అడిగిన ఎన్ని నిమిషాలకు తిండి ముందుకు వస్తుంది, ఎప్పుడు మూస్తారు, చుట్టుపక్కల తియ్యటిది ఏం దొరుకుతుంది. రుచికి గడి లేదు. ఆ పుస్తకం మొత్తం ఆ శనివారం తర్వాత రాసిందే.

నా భార్యకు తొమ్మిదేళ్లుగా చక్కెర జబ్బు. అన్నేళ్లూ మాత్రలతో నడిచింది. ఆ శనివారానికి పదహారు రోజుల ముందు మాత్రలు ఆపి ఇన్సులిన్ సూది మొదలుపెట్టారు. సూది ఎట్లా వేయాలో నాకు నేర్పిన నర్సమ్మ ఒక మాట చెప్పింది.

"సూది ఏసినంక అరగంటల కడుపుల పడాలె. షుగర్ పెరిగితే ఏండ్లు గుంజుతది. పడిపోతే గంట సాలు. చెమటలు పడ్తయి, మాట తప్పుతది, ఆడికెళ్లి మనిషి చేతికి రాదు. సంచిల చాకలెట్లు పెట్టుకోండ్రి."

ఆ 'గంట సాలు' అన్న మాట నా ఒంట్లో దిగబడిపోయింది. పదహారు రోజులూ నేను గడియారం చూస్తూనే బతికాను.

జగిత్యాల ప్రయాణం ఆమె కోరిందే. "ఎనిమిదేండ్ల సంది నన్ను దవాఖానకు తప్ప యాడికన్న తీస్కపోయినవా? రెండు దినాలు తిరుగుదాం. హోటల్ల తిందాం. మా అక్కను చూసొద్దాం" అంది. వాళ్లక్క కోరుట్లలో ఉంటుంది, బీడీలు చుడుతుంది. సరేనన్నాను. శనివారం పగలు జగిత్యాల, సాయంత్రానికి కోరుట్ల, ఆదివారం తిరుగు ప్రయాణం. చీటీ రాశాను. ఏడూ ఇరవైకి ఇంట్లో సూది. ఏడూ నలభైకి సిరిసిల్ల బస్టాండు దగ్గర మూడు ఇడ్లీలు. పదకొండుకు జామపండు. పన్నెండూ ముప్పావుకు జగిత్యాలలో మెస్సు భోజనం. నాలుగింటికి చక్కెర లేని చాయ. సంచిలో నాలుగు చాక్లెట్లు వేశాను.

హోటల్లో ఆమె ముందు పళ్లెం పెట్టించి, నా రెండు పూరీలు తిని, చెయ్యి కడుక్కుని, బస్సు సంగతి అడగడానికి బయటికి వెళ్లాను. నాలుగు నిమిషాల్లో వచ్చాను.

"తిన్నవా?"

"పల్లెం సూడు" అంది.

పళ్లెం ఖాళీగా ఉంది. చీటీ మీద ఆ వరుసకు ఎదురుగా గీత కొట్టాను. చాయ వచ్చినప్పుడు ఆమె గ్లాసులో చక్కెర వేయబోతున్న మనిషి చేతిని నేనే ఆపాను. ఆ సగం చెంచా గురించి తర్వాత చాలాసార్లు తలచుకున్నాను.

బస్సులో ఆమె బాగానే ఉంది. పక్క సీటులో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లితో వేములవాడ దాకా ముచ్చట పెట్టింది. జగిత్యాలలో దిగేసరికి పదిన్నర దాటింది. గడియారం టవర్ దిక్కు నడిచాం. గాజులు చూసింది, గిన్నెలు చూసింది, ఏదీ కొనలేదు. పదకొండుకు జామపండు కోయించి ఇస్తే వద్దంది. "కడుపు నిండుగున్నది, నువ్వు తిను."

పదకొండుంపావు తర్వాత ఆమె మాట తగ్గింది. నేను జామపండు గురించి విసుక్కున్నందుకు అలిగిందనుకున్నాను. రెండడుగులు వెనకబడింది. వెనక్కి తిరిగి చూస్తే చేతిలో గొడుగు లేదు.

"గొడుగేదే?"

తన ఖాళీ చేతి వైపు చూసుకుంది. పదకొండూ ఇరవై ఆరుకు ఆమె కాళ్ల వైపు చూశాను. ఎడమకాలికి చెప్పు లేదు. కాలుతున్న రోడ్డు మీద వట్టి పాదం పెట్టి నిలబడి ఉంది, ఆ సంగతి పాదానికి తెలియనట్టు. జాకెట్టు వీపంతా తడిసి అంటుకుపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది.

"నాయినా, బర్రె ఒర్రుతున్నది. పాలు పిండలే. ఇంటికి పోదాం పా" అంది నా ముఖంలోకి చూసి.

మా మామ చనిపోయి పన్నెండేళ్లయింది. ఆ బర్రె ఎప్పటిదో నాకు తెలియదు, నేను దాన్ని చూడలేదు.

నర్సమ్మ మాట గుర్తుకు రావడం కాదు, చెవిలో మళ్లీ పలికినట్టయింది. ఆమెను ఒక షట్టరు మెట్టు మీద కూర్చోబెట్టాను. సంచి బోర్లించాను. సీసా దొర్లిపోయింది. టవలు, దువ్వెన, సూది డబ్బా, అక్క కోసం కొన్న పండ్లు. చాక్లెట్లు లేవు. ఒక్కటి కూడా లేదు. అడుగున కాగితపు పొట్లం ఒకటి చేతికి తగిలింది. అవే అనుకుని చింపాను. మూడు ఇడ్లీలు. చట్నీ కారి కాగితం నానింది. ఒక్క ఇడ్లీ అంచు కూడా విరగలేదు.

నేను నలభై మీటర్ల బట్ట తాకలో ఒక పోగు తెగినా పట్టుకునే మనిషిని. పళ్లెంలోకి వచ్చినవి లెక్కపెట్టాను. పళ్లెంలోంచి పోయినవీ లెక్కపెట్టాను. నోట్లోకి పోయినవి లెక్కపెట్టలేదు. సూది ఏడూ ఇరవైకి పడింది. నాలుగు గంటల ఆరు నిమిషాలుగా ఆ మందు వట్టి కడుపుతో పని చేస్తోంది.

జనం మూగారు. ఒకాయన "ఫిట్సు, చేతిల తాళంచెవి పెట్టుండ్రి" అన్నాడు. ఇంకొకాయన ఎండదెబ్బ అన్నాడు. వెనక నుంచి ఎవరో "పొద్దుగాల్నే కల్లు ఏసినట్టున్నది" అని నవ్వాడు. ఆమె తల నా భుజం మీదికి వాలిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడడం లేదు. ఎటు పరుగెత్తాలో తెలియలేదు. పరుగెత్తితే ఆమెను ఎవరు పట్టుకుంటారో తెలియలేదు.

నాకు మొక్కుల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. ఇచ్చిందీ పుచ్చుకుందీ రాతలో లేని బేరం నాకు అర్థం కాదు. కానీ అప్పుడు నా నోరే అంది: అంజన్నా, దీన్ని నాకియ్యి, కొండగట్టుకొచ్చి నూటెనిమిది సుట్లు తిరుగుత. ఆ నూటెనిమిది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పదకొండు అని ఉంటే సరిపోయేదేమో. భయం పెద్ద అంకెనే చెబుతుంది.

అప్పుడు ఎదురుగా చెరుకు రసం బండి మనిషి, యాభై దాటిన ఆడమనిషి, జనాన్ని తోసుకుని వచ్చింది. నా చేతిలోని సూది డబ్బా చూసింది.

"షుగరామెనా? సూది ఏసి తిండి పెట్టలేదా?"

తల ఊపాను.

గ్లాసు నిండా రసం తెచ్చింది, ఐసు లేకుండా. నేను చేయబోయిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. గ్లాసు చూసి, "దీన్ల చక్కెర ఎంతుంటది?" అని అడిగాను.

"నీ లెక్కల మీద మన్నువడ! మనిషి పోతాంటే చక్కెర తూకం అడుగుతవేందయ్యా? తల వట్టు. జర జర తాపియ్యి, లేకుంటే గొంతువడ్తది."

నేను నా భార్య తల పట్టుకున్నాను. రసం బండామె గ్లాసు పెదాలకు ఆనించి, "మింగు బిడ్డా, మింగు" అంటూ కొద్దికొద్దిగా పోసింది. మొదటి గుక్క మెడ మీదికి కారిపోయింది. రెండోది కొంత దిగింది. గొంతు కదలడం నేను చూశాను. మూడు. నాలుగు. ఆ తర్వాత లెక్క తప్పింది. నా ఎరుకలో లెక్క తప్పింది ఆ ఒక్కసారే.

మొదటి గ్లాసు అయిపోయింది. ఏమీ మారలేదు. రెండో గ్లాసు సగం దాకా ఏమీ మారలేదు. గడియారం చూడాలంటే భయమేసి, మణికట్టు తిప్పి పెట్టుకున్నాను.

నా భార్య కనురెప్పలు రెండుసార్లు ఆడాయి. తల దానంతట అదే లేచింది.

"గొడుగేది?" అంది.

పదకొండూ నలభై ఎనిమిది.

చుట్టూ చూసింది. "నన్ను గిట్ల రోడ్డు మీద కూసోవెట్టినవేంది? గీ మందంతా ఎవరు?" నాలుకతో పెదవి తడుపుకుంది. ముఖం మారింది. "తియ్యగున్నది. ఏం తాపినవ్? అయ్యో, నా ఒక్కపొద్దు!"

అప్పుడు బయటపడింది. నా కంటి ఆపరేషన్ మంచిగా కావాలని కొండగట్టు అంజన్నకు పదకొండు శనివారాలు ఒక్కపొద్దు మొక్కుకుందట. ఆపరేషన్ అయి, కన్ను నయమై, నేను మళ్లీ అంకెలు రాస్తున్నాను. ఆ శనివారం ఎనిమిదోది. సాయంత్రం అక్క ఇంట్లో దీపం పెట్టాక తినాలని ఆమె లెక్క. అంతకుముందు ఏడు శనివారాలూ నేను ఖార్ఖానకు పోయాక చక్కెర వేసుకుని పాలు తాగేదట, ఒక్కపొద్దుకు పాలొక్కటే చెల్లుతాయని. ఆ రోజు పక్కనే నేనున్నాను. చాయలో సగం చెంచా కూడా పడనియ్యలేదు. ఇంతకుముందు మాత్రలతో ఏమీ కాలేదు గదా, సూది కూడా మందే గదా అనుకుంది. చాక్లెట్లు బస్సులో ఆ చంటిబిడ్డ తల్లికి ఇచ్చేసింది. తన దగ్గరుంటే తినబుద్ధవుతుందని.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఒక్కపొద్దు ఉండనిస్తవా?"

రసం బండామె నడుము మీద చేతులు పెట్టుకుని విన్నది. "మొగుని కండ్ల కోసం ఉపాసముంటివి. నువ్వే పోతే గా కండ్లతోని ఏం సూస్తడే? అంజన్న సావుమన్నడా నిన్ను?" అని, నా వైపు తిరిగి, "నువ్వు గూడ గంతే. లెక్కవెట్టుడు సాలు, జర మాట్లాడు" అంది. రసానికి ఇవ్వబోతే చెయ్యి తోసేసింది.

పక్కనే మందుల షాపులో వేలు గుచ్చి చూశారు. తొంభై ఆరు. ఆ అంకె చదివాకే నాకు ఏడుపు వచ్చింది. గిరాకీకి వచ్చినవాళ్లు చూస్తున్నారని షాపతను నన్ను లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు.

కొత్త చెప్పులు కొని మెస్సుకు పోయాం. అన్నం, పప్పు, బెండకాయ, చారు. ఆమె ముఖం వేలాడేసుకుని కలిపింది. నేను నా విస్తరి ముట్టలేదు.

"ఏంది, బుక్కలు లెక్కవెడుతున్నవా?"

"ఆఁ."

"ఎన్నైనయ్?"

"పంతొమ్మిది."

"ఇరవై. ఒకటి నువ్వు కండ్లు తుడుసుకునేటప్పుడు తిన్న."

కోరుట్లలో వాళ్లక్క సర్వపిండి చేసిపెట్టింది. చెల్లెల్ని తిట్టింది, నన్నూ తిట్టింది. నా భార్య నవ్వినప్పుడల్లా అది ఆమె నవ్వేనా, మాట తప్పుతున్నదా అని ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ అంతే. ఆమె ఒక్క నిమిషం మాట్లాడకుంటే ఏదో ఒకటి అడుగుతాను, సరైన జవాబు వస్తుందో లేదోనని.

రెండు వారాల తర్వాత, నమ్మకం ఉన్నా లేకున్నా అన్న మాట అన్న మాటే కదా అని, ఒక్కణ్ణే కొండగట్టు పోయాను. ఆమెను కావాలనే తీసుకుపోలేదు. మొక్కు తీర్చేటప్పుడు కడుపులో ఏమీ పడకూడదంటారు. పొద్దున ఆమెకు సూది వేసి, ఆమె ముందు టిఫిను పెట్టి, చూసుకొమ్మని పక్కింటామెకు చెప్పి బయల్దేరాను. తమలపాకు మీద గీతలు పెట్టుకుంటూ చుట్లు మొదలుపెట్టాను. నలభై ఒకటో చుట్టు పూర్తయ్యేసరికి ఫోను మోగింది.

"తిన్నవా?" అంది ఆమె.

"మొక్కు అయినంక తింట. నువ్వు తిన్నవా?"

"నువ్వు తినకుంట నేనెట్ల తింట? నువ్వు తిన్నంక."

గడియారం చూశాను. సూది పడి మూడు గంటల పది నిమిషాలు. నాకు మళ్లీ ఆ మెట్టూ, ఆ చల్లటి చెయ్యీ గుర్తొచ్చాయి. తమలపాకు జేబులో పెట్టుకుని, గుడి బయట కనిపించిన మొదటి బండి దగ్గర రెండు గారెలు నోట్లో కుక్కుకున్నాను. నములుతూనే ఫోను చేశాను. "తిన్న. తినే, నువ్వు గూడ తిను. నములుడు నాకు ఇనవడాలె." అవతల ఇడ్లీ నములుతున్న చప్పుడు అయ్యేదాకా చెవి దగ్గరినుంచి ఫోను తీయలేదు.

నేను తిని చుట్లు తిరిగితే అవి చెల్లవంటుంది. నేను తినకుంటే ఆమె తినదు. తన ఒక్కపొద్దులు మళ్లీ మొదలుపెడతానంటే నేను ఒప్పుకోను. ఆ తమలపాకు ఎండిపోయి, నా నోటుబుక్కులో జగిత్యాల హోటళ్ల పేజీలో ఉంది.

ఆమెవి నాలుగు శనివారాలు బాకీ. నావి అరవై ఏడు చుట్లు.