ఏ ఒడ్డున దిగాలి

రెండువేల అయిదు వానాకాలంలో మహారాష్ట్ర ఒడ్డునున్న సిరోంచ నుంచి ఇవతలి కాళేశ్వరానికి పడవలో వస్తున్నాను. అక్కడ గోదావరి మీద అప్పటికి వంతెన లేదు. నా పక్కన ఒక వరి రైతు, ఆయన కూతురు కూర్చున్నారు. హైదరాబాద్ కోఠిలో ఆ అమ్మాయికి నర్సింగ్ పరీక్ష. హాల్‌టికెట్టును పాలిథిన్ కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నాది హైదరాబాదేనని తెలిసి రైతు అడిగాడు.

"సార్, రెండు దినాలు యాడ ఉంటే మంచిగుంటది?"

"దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండండి. నేనుండేది అక్కడే. లాడ్జీలు చవక, బస్సులకు కొదవ లేదు."

"దానికీ కోఠికీ నడుమ ఏరున్నదా?"

ఈ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. "మూసీ ఉంది. వంతెన కూడా ఉంది. అందులో నీళ్లే ఉండవు," అన్నాను.

"ఏరును నమ్మద్దు సార్. పోయినేడు వరదకు పడవ బందైంది, బిడ్డ పరీక్ష పోయింది. ఈసారి పరీక్ష ఏ ఒడ్డునుంటే మేం గా ఒడ్డునే ఉంటం."

"కోఠిలనే చూద్దాం బాపూ," అంది అమ్మాయి.

కోఠిలో నాకు తెలిసిన లాడ్జి పేరు రాసిచ్చాను. కవర్ విప్పి ఆ చీటీని హాల్‌టికెట్టు పక్కనే దాచుకుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి అబిడ్స్‌లోని ఆఫీసుకు పదేళ్లుగా రోజూ ఏరు దాటి వెళ్తున్నానని, ఆ పడవలో కూర్చుంటే గాని నాకు తెలియలేదు.