తొట్టి తీర్మానం, కదిరమ్మ రాయబారం

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రాయబారం పోయిన మనిషి బతుకంతా ఇంతేనని మా కదిరమ్మ చిన్నమ్మను చూశాకే నాకు తెలిసింది.

మాది మడకశిర దగ్గర, కర్ణాటకను ఆనుకున్న ఊరు. చిన్నమ్మ మా పంచాయతీలో వార్డు మెంబరు. ఆమె పుట్టిల్లు సరిహద్దుకు అవతల, మూడు కిలోమీటర్లు. అక్కడ ఆమె అన్న తిప్పయ్యకు అరవై గొర్రెలున్నాయి. ఏటా ఎండాకాలం ఆ మంద మా ఊరి నీళ్ల తొట్టిలో తాగి, చిన్నమ్మ చేలో పడుకునేది. మందకు నీళ్లు, చేనికి ఎరువు. ఎవరి దయా ఎవరికీ అక్కర్లేదు.

పోయిన ఎండాకాలం తొట్టి నింపే బోరు సన్నగిల్లింది. గంటలో నిండే తొట్టికి పూటంతా పట్టేది. వానలు పడేదాకా బయటి మందలను రానివ్వకూడదని పంచాయతీ తీర్మానం చేసింది. చిన్నమ్మ తప్ప అందరూ చెయ్యెత్తారు. "దప్పికైన మూగజీవికి ఊరేంది, రాష్ట్రమేంది?" అని ఆమె గట్టిగానే వాదించింది. ఓడిపోయింది.

అప్పుడు సర్పంచ్ శ్రీరంగప్ప, "ఆ ఊరోళ్లకు నువ్వే చెప్పల్లమ్మా. ఆ ఊరి ఆడబిడ్డవు, నీ మాటైతే ఇంటారు," అన్నాడు. వద్దన్న మనిషినే పంపడమా! నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం మారు మాట్లాడకుండా నా బండెక్కింది.

తిప్పయ్య ఇంటి ముందు పదిమంది గొర్రెలవాళ్లు చేరారు. ఆయన భార్య చెంబెడు మజ్జిగ తెచ్చిపెట్టింది. చిన్నమ్మ ముట్టలేదు.

"చెప్పాల్సింది చెప్పినాక తాగుతా వదినా. తాగినాక చెబితే మోసమైతాది."

బోరు సంగతి, మా పశువులే అరకడుపు నీళ్లతో తిరిగొస్తున్న సంగతి దాచకుండా చెప్పింది. తొలి వానకే తీర్మానం ఎత్తేస్తామంది.

తిప్పయ్య ముఖం మాడిపోయింది. "నీళ్లకు గూడా బార్డరు పెట్టినారా? అమ్మీ, ఆడ నువ్వూ చెయ్యెత్తినావా?"

నేను నోరు తెరవబోయాను. చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది ఊరి మాటన్నా. ఊరి మాటే నా మాట."

"అట్లనా! అయితే ఇంక నా మంద నీ చేన్లో అడుగు పెట్టదు."

తిప్పయ్య భార్య మజ్జిగ చెంబు లోపలికి తీసుకుపోయింది.

దారిలో నేను ఉండబట్టలేకపోయాను. "నువ్వు ఒప్పుకోలేదని ఒక్క మాట చెప్పింటే సరిపోతాండె గదా?"

"చెప్పింటే నాకు మజ్జిగ దొరికేది. మిగతా ఊరంతా వాళ్లకు పగోళ్లయ్యేది. నన్ను పంపింది నేను మంచిదాన్ననిపించుకునేకి కాదప్పా." అన్నదే గానీ, ఊరొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

జూన్‌లో వాన పడింది. ఆ మర్నాడే చిన్నమ్మ సర్పంచ్ ఇంటి ముందు కూర్చుని తీర్మానం ఎత్తేయించింది. మూడో రోజు తిప్పయ్య వచ్చాడు, సగం మందతో. నీళ్లు చాలక మిగతా సగం సంతలో అమ్మేశాడట. చెయ్యెత్తనిది చెల్లెలొక్కతేనని ఆ సంతలోనే ఎవరో చెప్పారట.

"నాకెందుకు చెప్పలేదమ్మీ?" అన్నాడు.

"చెప్పింటే నీ గొర్రెల దప్పిక తీరేదా అన్నా?"

తిప్పయ్య మందను నీళ్లకు వదిలాడు. గొర్రెలు తాగేదాకా తొట్టి దగ్గరే తల వంచుకుని నిలబడి, తర్వాత వాటిని ఆమె చేలోకి తోలాడు.