గూడ్స్‌ని రెండు చేతులతో ఎత్తాలి

నిన్న పొద్దున లంచ్ బాక్సులు సర్దుతుంటే మామ నుంచి ఫోన్.

మామ ఎప్పుడూ ఫోన్ చేయడు. ఏ కబురైనా అత్తమ్మే చెప్తుంది. స్క్రీన్ మీద ఆయన పేరు చూడగానే చేతిలో బాక్సు పక్కన పెట్టేశాను.

"మీ అత్త లేస్తలేదు బిడ్డా. జెర రా."

అంతే అన్నాడు.

చిలకలగూడ నుంచి మౌలాలి దాకా ఆటోలో ఎలా వెళ్లానో నాకే తెలియదు. నిద్రలోనే పోయింది మా మేనత్త సుగుణ. మొన్న సాయంత్రమే ఫ్యామిలీ గ్రూప్‌లో గూడ్స్ ఫోటో పెట్టింది. దానికి నేను హార్ట్ కూడా కొట్టాను.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

గూడ్స్ అంటే వాళ్ల కుక్క. డాష్‌హౌండ్. పొట్టి కాళ్లు, బారెడు నడుము. మామ రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. కుక్కపిల్లని ఇంటికి తెచ్చిన రోజు, "ఏందే ఇది, గూడ్స్ బండి లెక్కున్నది," అన్నాడట. పేరు అదే ఖాయమైపోయింది.

మామ చేసింది ఆ పేరు పెట్టడం వరకే. దాన్ని ముట్టుకునేవాడు కాదు. అది దగ్గరికొస్తే పేపర్ అడ్డం పెట్టుకునేవాడు.

ఒకసారి అది దివాన్ మీంచి దూకి కుయ్యోమంది. వెనక కాళ్లు పట్టు తప్పాయి. వెన్నులో డిస్క్ జరిగిందన్నాడు డాక్టర్. ఈ జాతికి నడుమే వీక్ అట. మందులు, రెస్ట్‌తో మెల్లగా లేచింది గానీ, ఇంకోసారి ఇలా అయితే నడుస్తుందని గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. దూకుళ్లు, మెట్లు, జారే నేల అన్నీ బంద్.

అత్తమ్మ ఆ మాట పట్టుకుంది. ఇక చూడాలి ఆ ఇంటిని.

మామ ముచ్చటపడి వేయించుకున్న గ్రానైట్ అంతా రబ్బరు మ్యాట్ల కిందికి పోయింది. ఇది ఇల్లా, కుస్తీ అఖాడానా అని ఆయన గొణుగుడు. ఆమె వింటేగా!

వడ్రంగిని పిలిచి దివాన్ కాళ్లు కోయించింది. దూకినా దెబ్బ తగలని ఎత్తుకి దించింది. అసలే ఆమెకి మోకాళ్ల నొప్పులు. దాని మీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అయినా ఒక్కనాడు విసుక్కోలేదు.

మెడకి కాలర్ తీసేసి ఛాతీకి బెల్ట్ వేసింది. చుట్టాలెవరైనా బిస్కెట్ చూపిస్తే గుడ్లురిమేది. పొట్ట పెరిగితే బరువంతా నడుము మోయాలి కదా అని.

మా పెళ్లైన కొత్తలో మా ఆయన ముద్దొచ్చి గూడ్స్‌ని ముందు కాళ్లు పట్టి ఎత్తబోయాడు. కొత్త అల్లుడని కూడా చూడలేదు మా అత్తమ్మ.

"అల్లుడూ, నిన్ను గట్ల రెక్కలు వట్టి లేపితే ఊకుంటవా?"

ఆ పూట మా అందరికీ క్లాస్. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి వెనక కాళ్ల కింద, నడుము వంగకుండా. అందరం వరసగా ఎత్తి చూపించాం. మామ ఒక్కడే పేపర్ వెనక ఉన్నాడు. ఆయన వింటున్నాడని కూడా మేం అనుకోలేదు.

గుమ్మం ముందు మెట్లు ఉన్నాయి. వాటి మీద గడప నుంచి నేల దాకా ఏటవాలుగా చెక్క పలక వేయించింది. పంజాలు జారకుండా దానికి గోనెసంచి కొట్టించింది. గడపకి పసుపు రాసిన చేత్తోనే ఆ పలక అంచుకీ రాసి బొట్లు పెట్టేది. పక్కింటావిడ నవ్వితే, మా గూడ్స్‌కి ఇదే గడప అని చెప్పింది.

నిన్న సాయంత్రం ఆ పలక తీసేశారు. పాడె మోసేవాళ్ల కాళ్లకి అడ్డమని. తప్పు కాదు, ఎవరికి గుర్తుంటుంది?

వాళ్లకి పిల్లలు లేరు. అగ్గికుండ మామే పట్టుకున్నాడు. పట్టుకున్నాక వెనక్కి తిరిగి చూడకూడదని అయ్యగారు ముందే చెప్పారు. ఆయన ముందు, అత్తమ్మ వెనక. మేం ఆడవాళ్లం గడప దగ్గరే ఆగిపోయాం.

ఆ ఏడుపుల్లో వెనక గది తలుపు ఎవరో తీశారు.

గూడ్స్ మొరుగుతూ ఉరికొచ్చింది. గడప మీద ఆగి పలక కోసం చూసింది. లేదు. గల్లీలో అత్తమ్మ వెళ్లిపోతోంది. అది ముందు కాళ్లు వంచింది, దూకడానికి.

డాక్టర్ అన్న మాట నా చెవుల్లో మోగుతోంది. చేతులు అడ్డం పెట్టాను గానీ, ఎలా ఎత్తాలో గుర్తు రాలేదు.

గూడ్స్ అరుపు మామకి వినిపించింది. ఆగాడు. అయ్యగారు వద్దంటున్నా అగ్గికుండతో అలాగే వెనక్కి తిరిగాడు.

"దాన్ని దూకనియ్యకు బిడ్డా. ఒక చెయ్యి ఛాతీ కింద వెట్టు. ఒకటి ఎనక కాళ్ల కింద. నడుము వంగొద్దు."

అవన్నీ అత్తమ్మ మాటలే.

ఎత్తుకున్నాను. ఒళ్లంతా వణుకుతోంది దానికి. నేను సరిగ్గా పట్టుకున్నానని చూసేదాకా ఆయన కదల్లేదు. తర్వాత తిరిగి నడిచాడు. పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

వెనక్కి తిరిగాడని ఒకరిద్దరు గుసగుసలాడారు. ఆడుకోనీ. దాన్ని ఎవరు ఎత్తుతారో చూసుకోకుండా మా అత్తమ్మ మాత్రం కదిలేదా?

ఇవాళ పొద్దున వెళ్లేసరికి ఇల్లు కడుగుతున్నారు. పలకకి ఇంకా ఆమె రాసిన పసుపు ఉంది. దాన్ని మాత్రం మామ కడగనివ్వలేదు. గూడ్స్ దాని మీంచి మెల్లగా దిగుతుంటే, వంగి పక్కనే చెయ్యి పెట్టి నడిచాడు.

అత్తమ్మా, పైలంగ పో. మోకాళ్ల తక్లీఫ్ లేని చోట కాళ్లు చాపుకొని నిమ్మళంగ కూసో.

ఇక్కడ పలక మామనే ఏసిండు.