కారు అప్పగించే మాస్టారు

కార్ల షోరూములో అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. బడిలో పాఠాలు చెప్పినవాడేం కాదు. కొత్త కారు కొన్నవాళ్ళకి ఏసీ, రేడియో ఎలా వాడాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పి పంపడం ఆయన పని. ఎంత పెద్దమనిషయినా ఆ కాసేపు బుద్ధిగా వినాల్సిందే.

ఊరందరికీ చెప్పగలిగినవాడు తన ఇల్లు మాత్రం నిలుపుకోలేకపోయాడు. భార్యతో పొసగక విడిపోయాడు. మూడేళ్ళ కూతురు తల్లితో వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక పిల్లని చూసే దారీ మూసుకుపోయింది. ఎప్పటికైనా అది ఎదురుపడి ఒక్కసారి "నాన్నా" అంటే చాలని ఆయన ఆశ. పిచ్చి ఆశే. కానీ ఆశకి బుద్ధి చెప్పేదెవరు?

ఒకరోజు ఓ తెల్లకారు తీసుకోవడానికి వచ్చింది వాళ్ళే. మాస్టారు ఇక్కడ చేరినట్టు ఆవిడకి తెలియదు. చూడగానే మొహం తిప్పుకుని వెనక సీట్లో కూర్చుంది. పక్కన ఏడేళ్ళ పిల్ల. దానికి ఈయనెవరో గుర్తే లేదు. కొత్త భర్త స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంకొకర్ని పంపమని మాస్టారు అడగొచ్చు. అడగలేదు. గుండె రాయి చేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఇది తిప్పితే గాలి జోరు పెరుగుతుందండీ. పక్కది చల్లదనానికి. అద్దం మసకబారితే ఈ బటన్ నొక్కండి."

అందరికీ చెప్పినట్టే చెప్పాడు. కానీ వెనక్కి గాలి వచ్చే రెక్కల్ని అడక్కుండానే కిందికి వంచాడు.

"మా ఆవిడకి మొహాన చల్లగాలి పడదని మీకెలా తెలుసండీ?" నవ్వుతూ అడిగాడు కొత్త భర్త.

"చాలామందికి పడదండీ," అన్నాడు మాస్టారు.

తర్వాత రేడియో పెట్టాడు. "నచ్చిన స్టేషన్ రాగానే ఈ బటన్ నొక్కి పట్టుకోండి. ఇంక మర్చిపోదు."

ఏదో హుషారైన పాట వచ్చింది. వెనక నుంచి పిల్ల అంది, "నాన్నా, సౌండ్ పెంచవా?"

"ఇదిగో తల్లీ," అంటూ మాస్టారు చెయ్యి చాపాడు. అప్పటికే అక్కడికి ఇంకో చెయ్యి వచ్చింది. పిలిచింది తనని కాదని అప్పుడు తెలిసింది. ఆ క్షణంలో ఆయన పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

"సారీ అండీ," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొత్త భర్త సౌండ్ పెంచాడు. ఆవిడ తల వంచుకుంది.

మాస్టారు దిగాక కారు కదిలింది. పిల్ల అద్దం దించి, "థాంక్యూ అంకుల్," అంటూ చెయ్యి ఊపింది. ఏసీ వేసుకుని అద్దాలు దించకూడదన్నది అందరికీ ఆయన చెప్పే ఆఖరి పాఠం. ఆ రోజు చెప్పలేదు.

పాట వినబడినంతసేపూ గేటు దగ్గరే నిలబడ్డాడు. పెంచిన సౌండు పుణ్యమా అని, అది చాలా దూరం దాకా వినబడింది.