గొడుగుల మామ తొందర చెయ్యి

మా గొడుగుల మామ పోయాడు. సోమవారం పొద్దున్న నేను కొట్టు ముందు సోడా సీసాలు కడుక్కుంటుంటే ఆయన పక్కింటి దర్జీ వచ్చి చెప్పాడు. తెల్లవారుజామున నమాజుకి లేవలేదట. అత్త వెళ్లి భుజం తట్టిందట. అంతే.

కాటా బావకి చెప్పి రమ్మని నన్ను బెల్లం మార్కెట్టుకి పంపారు. కాటా బావ మార్కెట్టులో బెల్లం తూకం వేస్తాడు. మామా, నేనూ, అతనూ కలిసి శారదా నదిలో గాలం వేసేవాళ్లం.

"బావా, మామ ఎలిపోనాడు" అన్నాను.

కాటా బావ తల కూడా తిప్పలేదు. "పోరా. మొన్నటికి మొన్న నేను సన్నాసుల్లో కలిసిపోయేనని మా ఆవిడికి సెప్పింది నువ్వు కాదేటి? పాపం, రెండు పూటలు పొయ్యి ఎలిగించలేదు. ఇప్పుడు మామ మీద పడ్డావా?"

చుట్టూ బెల్లం దిమ్మలు మోస్తున్న కళాసీలు నవ్వారు. వాళ్లకి నేనొస్తే నవ్వడం అలవాటు. నేను మళ్లీ చెబుదామనుకున్నాను. మాట రాలేదు. కాసేపటికి కాటా బావ నా వైపు చూశాడు. నేనింకా ఏమీ అనకపోయేసరికి చేతిలో తూకపు గుండు మెల్లగా కింద పెట్టాడు. ఆ మనిషి నా మాట నమ్మలేదు, నేను మాట్లాడకపోవడాన్ని నమ్మాడు.

మామ నాకు రక్తసంబంధం కాదు. వాళ్లు సాయిబులు. మా నాన్న ఆయన్ని బావా అనేవాడు కాబట్టి నాకు మామ, ఆయన భార్య నాకు అత్త. నా సోడా కొట్టు పక్కనే ఆయన అరుగు. గొడుగులు బాగుచేసేవాడు. చిరిగిన గుడ్డకి మాసిక వేసేవాడు, ఊడిన పిడి బిగించేవాడు, విరిగిన ఊచ తీసి వేరేది వేసేవాడు.

ఆయన కష్టం ఏమిటో బయటివాళ్లకి తెలీదు. వాన పడితే గొడుగులు వస్తాయి. వాన పడితే నదిలో కొత్త నీరొచ్చి చేపలూ వస్తాయి. రెండూ ఒకేసారి వచ్చేస్తే మనిషి ఏం చేస్తాడు? మామ ఆకాశం వైపు చూసేవాడు, అరుగు మీద గొడుగుల వైపు చూసేవాడు, చూరులో దోపిన వెదురు గాలపు గెడ వైపు చూసేవాడు. చివరికి గెడే గెలిచేది. జనం తడుచుకుంటూ నది గట్టుకి వచ్చి "సాయిబూ, నా గొడుగేదీ?" అని అడిగేవారు. మామ నీళ్ల మీంచి చూపు తీయకుండా "ఇంతా తడిసేక ఇంక గొడుగెందుకు బాబూ, రా, కూకో" అనేవాడు. చాలామంది కూర్చునేవారు కూడా.

గట్టు మీద మామ మాకు జడ్జీ. ఎవడి బలం ఏమిటో, ఎవడి లోపం ఏమిటో మొహం మీద చెప్పేవాడు. కాటా బావతో ఒకసారి అన్నాడు: "నీకు రెక్కల్లో సత్తువుంది. ఎంత సేపైనా లాగుతావు. కానీ ఒరే, నీ సేప నీళ్లలో ఉన్నప్పుడు జానెడు, ఇంటికెళ్లేసరికి మూరెడు. మార్కెట్టులో కాటా కచ్చితంగా పడతావు గదా, ఇక్కడేటిరా నీకు?"

నా దగ్గరికి వచ్చేసరికి ఆయనకి సందేహమే ఉండేది కాదు.

"అల్లుడా, నీకు సెయ్యి మంచిది, నోరు సెడ్డది. సేప ఎరని వాసన సూత్తే నీ ఏళ్లకి తెలిసిపోద్ది. కానీ నీ ఊకదంపుడు ఇని అవన్నీ కశింకోట దాకా పారిపోతన్నాయి."

"సేపలకి సెవులుంటాయేటి మామా?"

"ఉండవు. నీ కోసం మొలిపించుకున్నాయి."

ఆయన నన్ను తిట్టడానికి నేను చాలా కష్టపడేవాణ్ణి. ఒకసారి మామ ఇసకలో నమాజు చేసుకుంటుంటే ఆయన దారానికి ఒక పాత గొడుగు పిడి కట్టి నీళ్లలోకి వదిలేశాను. మామ వచ్చి గెడ ఎత్తాడు. బరువుగా ఉంది. కళ్లు మెరిశాయి. పిడి పైకి వచ్చింది. మామ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది కాటా బావదిరా! నేనే పోగొట్టేననుకుని ఆడికి కొత్త పిడి ఏసిచ్చేను గదా!" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్న సీసాల కోసం తొట్టిలో చెయ్యి పెడితే జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. మామ అరుగు మీద గొడుగు విప్పి దాని వెనకాల కూర్చున్నాడు. గొడుగు ఊగిపోతోంది.

ఇక ఆయన లోపం సంగతి. ఓపికలో మామకి సాటి లేదు. నీటి మీద సుడి చూసి కింద ఏముందో చెప్పేవాడు. మిట్ట మధ్యాహ్నం ఎండలో, బెండు మీద చూపు పెట్టి, దోమ కుట్టినా కదలకుండా కూర్చునేవాడు. అంత ఓపికా బెండు మునిగే క్షణంలో ఎక్కడికి పోయేదో! బెండు ఇంకా సగం మునుగుతుండగానే ఆయన కుడిచెయ్యి దానంతట అది లేచిపోయేది. పరిగెలూ జెల్లలూ ఆ దెబ్బకి ఒడ్డున పడేవి. పెద్ద చేప అలా కాదు. ఎరని నోట్లో పెట్టుకుని కొంచెం దూరం తీసుకెళ్లి అప్పుడు మింగుతుంది. ఆ కాస్తసేపు ఆగాలి. మామ ఆగలేడు. ఒట్టి గాలం గాల్లోకి ఎగిరేది. "ఛ! ఈ సెయ్యి!" అని ఎడమచేత్తో కుడిచెయ్యి మీద కొట్టుకునేవాడు, అదేదో పక్కింటి పిల్లాడి చెయ్యి అయినట్టు.

ఆయన జీవితంలో కోరిక ఒక్కటే. పూడిమడక దగ్గర ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట పండుగప్ప పట్టాలి. వలతో కాదు, గాలంతో. పెళ్లి కాకముందు నుంచీ ఏటా వెళ్లేవాడు. ఏటా చెయ్యి తొందరపడేది. ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాడు.

అత్త అనేది: "నికా అయిన కాణ్ణుంచీ ఆ సేపకని మసాలా నూరుతన్నాను. రోలు అరిగిపోయింది గానీ సేప రాలేదు."

యుద్ధం వచ్చాక విలాయతీ గాలాలు రావడం మానేశాయి. గొడుగు ఊచలూ రాలేదు. ఎవరి గొడుగులోనైనా ఊచ విరిగితే మామ దాన్ని తీసేసేవాడు, కొత్తది వెయ్యడానికి లేదు. ఆ విరిగిన ముక్కని నిప్పుల్లో కాల్చి, వంచి, ఆకురాయితో మొన తీసి గాలం చేసేవాడు. అందుకే మా వీధి గొడుగులన్నీ ఒక పక్కకి వాలిపోయి ఉంటాయి. "ఓ ఊస లేకపోతే గొడుగు సచ్చిపోదులే" అనేవాడు. యుద్ధం అయిపోయి కొత్త ఊచలు వచ్చాయి గానీ, వేయించుకోవడం మాకు బద్ధకం.

కిందటేడు వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఎత్తాలనుకున్న కాసేపటికి గానీ లేచేది కాదు.

"ఉత్తరం ఏసినట్టుందిరా అల్లుడా. ఇక్కడ అనుకుంటే అక్కడికి ఎప్పుడో అందుతోంది" అని నవ్వేవాడు. తర్వాత్తర్వాత ఆ నవ్వు పోయింది. గొడుగుల పని తమ్ముడి కొడుకు అందుకున్నాడు. మామ గెడల్ని చూరులోంచి తీయించి అటక మీద పడేయించాడు. మసీదుకి వెళ్లేటప్పుడు నది కనబడని సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. నేను వేళాకోళం చేసినా తిట్టడం మానేశాడు. అత్త ఒకరోజు నా కొట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆయన నన్ను కూడా ఏటీ అనడం నేదు బాబూ. మనిషి ఇలాగే అరుగు మీద ఎండిపోతాడేటో" అంది.

నాకు వైద్యం రాదు. అబద్ధాలు వచ్చు. "మామా, పూడిమడకలో ఒకాయన పక్షవాతానికి తైలం రాత్తాడట, సెయ్యి మళ్లీ తుపాకీలా లేత్తాదట" అని చెప్పాను. నమ్మాడో, నా పోరు పడలేకో, ఒప్పుకున్నాడు. ఎండు చేపలు దింపేసి ఖాళీగా పోతున్న పూడిమడక బండి ఎక్కాం.

అచ్యుతాపురం దాటాక మామ బండిలో పరిచిన గడ్డిలో చెయ్యి పెట్టాడు.

"ఒరే, ఈ కర్రేటిరా?"

"తైలం ఆయనదే మామా."

"తైలం ఆయన కర్రకి బెండు కట్టుంటాదేట్రా దొంగ సచ్చినోడా! బండాపు! ఆపవయ్యా!"

బండివాడు వెనక్కి చూడలేదు. "ఎద్దులు ఇంటి దారి పట్టేయి సాయిబూ. ఇంక నా మాట కూడా ఇనవు."

మామ కోపంగా అత్త కట్టిచ్చిన రొట్టెల మూట విప్పాడు. రొట్టెల కింద ఆయన గాలాల డబ్బా ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "మీ అత్త కూడానా" అన్నాడు. అప్పుడు మాత్రం గొంతులో కోపం లేదు.

సాయంత్రం పోటు మొదలయ్యే వేళకి ఏటి ఒడ్డున ఉన్నాం. బతికున్న రొయ్యని గాలానికి గుచ్చాను. మామ నీళ్ల వైపు చూశాడు. చూడకుండా ఉండలేడు కదా.

"ఆ పాత గుంజల పక్కన ఎయ్యి. నీరు ఎనక్కి తిరుగుతోంది సూడు, అక్కడ. నువ్వు పట్టు, నేను సెప్తాను."

"నేను పట్టను. నా నోరు సెడ్డది. సేపలు పారిపోతాయి."

గెడ మొదలు ఆయన చంక కిందికి దోపి, కుడిచెయ్యి దాని మీద పెట్టి పక్కన కూర్చున్నాను. మామ నన్ను తిట్టాడు. తిట్లు విని ఎంత కాలమైందో! నేను మాత్రం నోరు విప్పలేదు. నోరు ఎంత దురద పెట్టిందో చెప్పలేను. తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాను.

బెండు ఒకసారి ఊగింది. మళ్లీ ఊగింది. తర్వాత ఎవరో కింద నుంచి పట్టి లాగినట్టు మాయమైంది.

మామ మొహం చూశాను. ఆ తొందర అంతా ఆ మొహంలో ఉంది. మెడ నరాలు లేచాయి. చెయ్యి లేవలేదు.

"సెయ్యి ఇనట్లేదురా! లెగట్లేదురా! పోతందిరా!"

దారం ఏటికి అడ్డంగా సాగిపోతోంది. నేను గెడ అందుకుందామని లేచి, ఆయన చెయ్యి చూసి ఆగిపోయాను. అప్పుడు అందింది ఆ ఉత్తరం. ఆ చెయ్యి నిదానంగా, ఏ హడావిడీ లేకుండా పైకి లేచింది. గెడ విల్లులా వంగింది.

తర్వాతదంతా గందరగోళం. నేను మామ నడుం పట్టుకున్నాను, మామ గెడ పట్టుకున్నాడు, చేప మా ఇద్దర్నీ పట్టుకుంది. చివరికి నేను మొలలోతు నీళ్లలోకి దిగి తువ్వాలుతో ఎత్తి ఒడ్డున పడేశాను. పండుగప్ప. వెండి పళ్లెంలా మెరుస్తోంది. మామ దాని పక్కన కూలబడ్డాడు. కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లోకి తీసుకుని నిమురుతున్నాడు.

"ఏటైనా అనరా అల్లుడా" అన్నాడు.

ఏమీ అనలేకపోయాను.

గాలం తియ్యబోతే ఆపాడు. "దారం కొయ్యి. గాలం లోపలే ఉండనీ. సాక్షివి నువ్వొక్కడివే గదా, నీ మాట ఊళ్లో ఎవడు నమ్ముతాడు?"

ఆయన అన్నట్టే అయింది. చేపకి ఉప్పు రాసి తాటాకుల్లో చుట్టి మర్నాడు మా ఊరు అనకాపల్లి తెచ్చాం. కాటా బావ చూసి పగలబడి నవ్వాడు. "పడవలోళ్ల దగ్గర కొనుక్కొచ్చేరా? ఒట్టి సేత్తో పట్టేమని సెప్పండి, ఇంకా బాగుంటాది!" నేను అమ్మ మీద ఒట్టేశాను. నవ్వు ఇంకా పెరిగింది. అత్త నవ్వలేదు. మామ మొహంలోకి చూస్తోంది.

మామ తొణకలేదు. "దాని నోరు తెరిసి సూడు" అన్నాడు.

కాటా బావ వేళ్లు పెట్టాడు. దవడ దగ్గర ఏమీ లేదు. ఇంకా లోపలికి పెట్టాడు. గొంతు దాటాక దొరికింది. ఊచతో చేసిన నల్లటి గాలం. నవ్వు ఆగిపోయింది.

"ఇంత లోతుకి పోనిచ్చేవా? నువ్వేనా మామా?"

"నేను పోనివ్వలేదురా. సెయ్యి పోనిచ్చింది."

అత్త లేచి రోలు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మసాలా వాసన మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత మామ మళ్లీ నది కనబడే దారిలోనే మసీదుకి వెళ్లేవాడు. శుక్రవారం నమాజయ్యాక గట్టు మీదే. చిన్న చేపలన్నీ ఎర తినేసి పారిపోయేవి. "పోనీరా, పిల్లలు తిన్నాయి" అనేవాడు. పెద్దది దొరికినా దొరక్కపోయినా నన్ను మాత్రం రోజూ తిట్టేవాడు. నాకు కావలసింది అదే.

సోమవారం మధ్యాహ్నం మట్టి చేసే వేళకి సన్నగా వాన మొదలైంది. అందరం తలా పిడికెడు మన్ను వేసి గొడుగుల కింద నిలబడ్డాం. కాటా బావ నా చెవి దగ్గర "ఏటైనా అనరా" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను అందరికంటే వెనకపడ్డాను. నా ముందు వీధి పొడుగునా నల్ల గొడుగులు. సాయిబులవీ, మావీ, కశింకోట రైతులవీ. ప్రతి గొడుగూ ఒక పక్కకి వాలి ఉంది, ఊచ లేని వైపుకి. అక్కడి నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎవడూ గొడుగు తిప్పి పట్టుకోలేదు. అందరికీ ఒక భుజం తడిసిపోయి ఉంది.