సగం గీసిన అంతరిక్ష నౌక

నా చేతుల మీదుగా ఒక అంతరిక్ష నౌక పుట్టిందంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నవ్వకుండా ఉండలేరు. నవ్వనీ. పదమూడు వారాల పాటు ప్రతి ఆదివారం పొద్దున పిల్లలు ఇడ్లీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని టీవీలో చూసిన నౌక అది. అది ఎడమ నుంచి కుడికి మాత్రమే ఎగురుతుందన్న సంగతి వాళ్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. కనిపెట్టి ఉంటే నా బతుకు పురసవాక్కంలో చీరల అంచుల దగ్గరే ఆగిపోయేది.

అప్పటికి మా ఊరి పేరు చెన్నైగా మారిన కొత్త. మేమంతా ఇంకా మద్రాసనే అనేవాళ్లం. ముత్తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి పురసవాక్కంలో పెట్టిన చీరల కొట్టు మాది. కింద కొట్టు నాయన చూసుకునేవాడు. మేడ మీద గదిలో నేను చీరల అంచులకూ కొంగులకూ గ్రాఫు గీసేదాన్ని. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ బొమ్మ కడితే, నేతగాళ్లు దాన్ని చూసి మగ్గం సిద్ధం చేసుకుంటారు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. నాకు పన్నెండేళ్లప్పుడు నాయన పక్కన కూర్చుని నేర్పించాడు. రెండు పక్కలా ఒకేలా ఉండే బొమ్మను ఎప్పుడూ సగమే గీయాలి. మధ్యలో జంట గీత కొట్టి వదిలేయాలి. మిగతా సగం నేతగాడే మగ్గం మీద తిప్పుకుంటాడు. పూర్తిగా గీస్తే కాగితం దండగ, పైగా ఆ నేతగాడికి ఆ మాత్రం తెలీదా అని అవమానించినట్టు. పదేళ్లు అదే పని చేశాక, మధ్య గీత దగ్గరకు రాగానే నా చెయ్యి తనంతట తనే ఆగిపోయేది.

ఒకరోజు మైలాపూరు నుంచి ఒక పెద్దాయన భార్యతో చీర కొనడానికి వచ్చాడు. ఆవిడ కింద చీరలు తిరగేస్తుంటే ఈయన మేడెక్కి వచ్చి నా గ్రాఫు కాగితాలు తిరగేశాడు. ఒకప్పుడు పౌరాణిక సినిమాలకు గాల్లో తేలే రథాలు చేయించిన ఆర్ట్ డైరెక్టరట. ఇప్పుడు పిల్లల కోసం తెలుగులో ఒక సైన్సు సీరియల్ తీస్తున్నారు, నౌక బొమ్మ గీసి పెట్టే మనిషి కావాలి, ఈ అమ్మాయి చెయ్యి శుభ్రంగా ఉంది అని కిందికి దిగి నాయనతో అన్నాడు. నేను అప్పటికే మెట్ల మీద నిలబడి కొత్త పెన్సిలు చెక్కుతున్నాను.

నాయన వెంటనే సరేననలేదు, కాదనీ అనలేదు. రెండు రోజులు ఆలోచించి, అన్నం తింటూ తేల్చేశాడు.

"పదమూడు వారాలు. అది అయినాక ఆళ్లే మళ్లా పిలిస్తే పో, నేనేమీ అననుమ్మే. పిలవకుంటే మాత్రం ఈడనే. మేడ మీద గది నీదే, ఎవురూ తీసుకోరు."

మేడ మీద గదిని నేనేమీ ద్వేషించలేదు. కానీ జీవితమంతా అక్కడే అని వినగానే కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.

నౌక గీయడం అంటే ఏముంది, మనసుకు తోచింది గీసేయడమే అనుకున్నాను. మొదటి బొమ్మ తీసుకెళ్తే పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, మనుషులు ఎక్కడ ఎక్కుతారమ్మా అని అడిగాడు. తలుపు పెట్టడం మర్చిపోయాను. రెండో బొమ్మకు తలుపు పెట్టాను గానీ అది అచ్చం ప్రెషర్ కుక్కర్‌లా ఉంది. మూడోదాంట్లో మంట ఎక్కడి నుంచి బయటికి పోతుందన్నాడు. దేవతల రథాలకైతే ఇవేవీ అక్కర్లేదు, తలుపు లేకపోయినా దేవుడు ఎలాగో ఎక్కేస్తాడు, మనుషుల బండికి మాత్రం ఎక్కే చోటూ, కూర్చునే చోటూ, పొగ పోయే చోటూ ముందే కాగితం మీద తేలాలి, లేకపోతే సెట్టు మీద అందరూ తలలు పట్టుకుంటారని చెప్పాడు. నేను బయటికి తల ఊపి, లోపల పళ్లు నూరుకున్నాను. ఆయన చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి నాకు ఇంకో పదిహేను బొమ్మలు పట్టింది.

చివరికి నన్ను గట్టెక్కించింది చీరే. మామిడి పిందె బుటాను పక్కకు పడుకోబెట్టి చూశాను. కడుపు దగ్గర మనుషులు కూర్చోవచ్చు, వంపు తిరిగిన తోకలోంచి మంట పోవచ్చు. కిటికీలకు రుద్రాక్ష అంచునే వరసగా పేర్చాను. పెద్దాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, ఇది ఎక్కడా చూడని నౌక అన్నాడు. ఆ ముక్కకే నేను మైలాపూరు నుంచి ఇంటిదాకా బస్సులో నిలబడి కూడా నవ్వుతూనే వచ్చాను.

నమూనా తయారు చేయాల్సింది రాయపురంలో అందరూ ఆసారి అని పిలిచే ఆయన. పడవలు చేసే వడ్రంగి, సినిమా సెట్లకూ పని చేసేవాడు. మాట తమిళం, కోపం సముద్రమంత. నేను రెండు కాగితాలిచ్చాను. ఒకటి నౌకను పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో, రెండోది పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో. పై నుంచి చూసేదాంట్లో నా చెయ్యి యథాప్రకారం మధ్య గీత దగ్గర ఆగింది. జంట గీత కొట్టి, కింద తేదీ వేసి ఇచ్చేశాను.

వారం తర్వాత రాయపురం రేవు పక్కన షూటింగ్ గోడౌనులో గుడ్డ తీశారు. ఆరడుగుల నౌక, వెండి రంగులో, రుద్రాక్ష కిటికీల్లో చిన్న చిన్న బల్బులు వెలుగుతూ. కాగితం మీద గడులు నింపిన చెయ్యి ఇదేనా అని నా వేళ్లు నేనే చూసుకున్నాను. ఆ మురిపెంలో చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్లాను. అవతలి పక్క లేదు. ముక్కు నుంచి తోక దాకా నిలువునా కోసిన పనసకాయలా, చదునుగా ప్లైవుడ్ చెక్క. దాని మీద మేకులు.

ఆసారిని అడిగితే కాగితంలో ఉన్నదే చేశానన్నాడు. ఇంతకుముందు ఒక సినిమాకు లోపలా బయటా నిండుగా నిజం పడవే చేసిపెడితే, కెమెరాకు కనబడేది ఒక్క పక్కే గదా, ఇంత చెక్క ఎందుకు తగలేశావని తిట్టారట. అప్పటి నుంచి గీత దాటి ఒక్క మేకు కొట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాడట. నేనేమో మిగతా సగం ఆయన తిప్పుకుంటాడని అనుకున్నాను, ఆయనేమో మిగతా సగం కెమెరాకు అక్కర్లేదని అనుకున్నాడు. ఇద్దరం ఎవరి పని వాళ్లం తు.చ. తప్పకుండా చేశాం.

మళ్లీ చేయించే టైము లేదు. సీరియల్ డైరెక్టరు తల పట్టుకుని, తర్వాత తేరుకుని, సరే, మన నౌక ఎప్పుడూ కుడివైపుకే పోతుంది అన్నాడు. అలా పన్నెండు వారాలు అది కుడివైపుకే పోయింది. చంద్రుడు కుడివైపు, అంగారకుడు కుడివైపు, తోకచుక్కలన్నీ కుడివైపే. ఇంట్లో ఆదివారం అందరం చూసేటప్పుడు నేను నాయన మొహమే చూసేదాన్ని. ఆయన ఏమీ కనిపెట్టలేదు. నేనూ చెప్పలేదు. సిగ్గు.

పదమూడో వారం నౌక భూమికి తిరిగి రావాలి. ఇన్నాళ్లూ కుడికి పోయింది, ఇంటికి రావాలంటే ఎడమకు రావాలి. ఎడమకు తిప్పితే ప్లైవుడ్డు. తోక ముందుకు పెట్టి వెనక్కి లాగి చూశారు, సందులో ఇరుక్కున్న ఆటో రివర్సు తీసుకుంటున్నట్టుంది. ఎడిటింగులో తిప్పేయొచ్చుగా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. మా అద్దె మెషినుకు అంత తెలివి లేదు. వ్యోమగాములను అక్కడే కాపురం పెట్టించేద్దామా అని కూడా డైరెక్టరు ఆలోచించాడట. చివరికి పెద్దాయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు, శుక్రవారం లోపు నౌక ఇంటికి రాకపోతే తర్వాతి సీరియల్ ఇంకెవరికో ఇస్తారని. ఆయన మొహంలో నా మీద జాలి కనబడింది. నాకు జాలంటే ఒళ్లు మంట.

మంగళవారం కొట్లో దిగులుగా కూర్చున్నాను. ఎవరో ఒకావిడ ఎడమ భుజం మీద కొంగు వేసుకుని మా నిలువుటద్దం ముందు నిలబడింది. మా తాత కొన్న టేకు చట్రం అద్దం, మనిషి కంటే ఎత్తు. అద్దంలో మామిడి పిందెలన్నీ ముక్కు అటు నుంచి ఇటు తిప్పుకుని చూస్తున్నాయి. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం నేను లేచి నిలబడ్డాను. నౌకను ఎడమకు తిప్పకుండా, అద్దంలో తిరగబడి కనబడే నౌకను కెమెరాతో తీస్తే చాలు.

కానీ ఆ అద్దం కొట్టు గడప దాటి ఎరగదు. పైగా షూటింగు శుక్రవారం. శుక్రవారం కొట్లోంచి అద్దం బయటికి పోతే లక్ష్మి పోయినట్టేనని మా వాళ్ల నమ్మకం. నాయనతో షూటింగుకు కావాలన్నాను, ఎందుకో చెప్పలేదు. ఆయన అద్దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"శుక్రవారం కుదర్దు. బేస్తవారం దీపాలు పెట్టకముందే తీసకపోదాం. నేనుగూడా వస్తా, పగిలిందంటే మళ్లా ఈ మాదిరి దొరకదు."

గురువారం మధ్యాహ్నం మూడు చక్రాల చేపల బండి మాట్లాడాం. అద్దాన్ని దుప్పట్లు పరిచి నిలబెట్టి, నాయన పక్కనే కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను వెనకాల రిక్షాలో. దారి పొడుగునా సిగ్నలు పడ్డచోటల్లా జనం మా అద్దంలో క్రాపు సరిచేసుకున్నారు. ఒకాయన తీరిగ్గా మీసం కూడా దువ్వుకున్నాడు. నాయన అద్దం మీది వేలిముద్రలు పంచె కొంగుతో తుడుస్తూ, తమిళంలో సణుగుతూ రాయపురం చేరాడు.

శుక్రవారం పొద్దున నాయన దగ్గరుండి అద్దాన్ని నిలబెట్టించాడు. కెమెరాను దాని వైపు తిప్పారు. తీగల మీద నౌక కదిలింది. మానిటరులో వెండి మామిడి పిందె కుడి నుంచి ఎడమకు, కిటికీలన్నీ వెలిగించుకుని, ఇంటికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆసారి కూడా కొట్టాడు, ఒక్కసారి. డైరెక్టరు పెద్దాయనతో, వచ్చేది సముద్రం అడుగున ఊరు కథ, అదీ ఈ అమ్మాయే గీస్తుంది అన్నాడు. నాయన కోసం చూస్తే ఆయన అక్కడ లేడు.

నౌక అవతలి పక్కన నిలబడి ఉన్నాడు. మేకులు కొట్టిన చెక్క మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. ఇదేంది, సగమే ఉండాది అన్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గ్రాఫు సంగతీ, జంట గీత సంగతీ, ఆసారి ఒట్టు సంగతీ అన్నీ చెప్పేశాను. ఇక మేడ మీద గదే అనుకున్నాను.

ఆయన చెక్కను వేలితో రెండుసార్లు తట్టాడు.

"సగం గియ్యమని నేర్పించింది నేనే గదమ్మే," అన్నాడు. మేకుల మీద నుంచి చెయ్యి తీసి, "ఆ సముద్రం ఊరు మాత్రం పూర్తిగా గియ్యి," అన్నాడు.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆసారి చూస్తున్నాడని అద్దం వైపు తిరిగాను, అందులో ఇంకా బాగా కనబడింది.

ఆ సోమవారం మేడ మీద గదిలో నా బల్ల మీద గళ్లు లేని తెల్ల కాగితాల చుట్ట ఉంది, బజారులో దొరికే అన్నిటికంటే పెద్ద సైజు. ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఒకటి పరిచి సముద్రం అడుగున ఊరికి గోపురం గీయడం మొదలుపెట్టాను. సగానికి రాగానే చెయ్యి అలవాటు కొద్దీ ఆగింది. కింద కొట్లో నాయన ఎవరికో చీర మడత విప్పి చూపిస్తున్న చప్పుడు వినబడుతోంది. నేను పెన్సిలును మధ్య గీత దాటించాను.